క్లైమాక్స్ అచ్యుత్

ఆ ఉదయం అచ్యుత్ నా గది తలుపు తోసి, "హ్యాపీ బర్త్‌డే పాండూ! సాయంత్రం నీకు సర్‌ప్రైజ్ పార్టీ. బ్లాక్ ఫారెస్ట్ కేకు. ఏడింటికి ఏమీ తెలీనట్టు రా" అన్నాడు. ముగింపు ముందే చెప్పకపోతే వాడికి అన్నం అరగదు.

చదువుకోసం వచ్చిన పరాయి దేశంలో, సన్నీబ్యాంక్ అనే పేట‌లో మేం కలిసి అద్దెకున్న ఇంట్లో వాడుండగా ఎవరూ సినిమా పెట్టేవాళ్ళు కాదు. పేర్లు పడుతుండగానే "చంపింది బాబాయే" అనేవాడు. రికార్డు చేసిన క్రికెట్ మ్యాచ్ ముందు కూర్చుంటే, "ఆఖరి ఓవర్లో ఓడిపోతాం గానీ, లేచి ఆ పప్పు దించండి, మాడుతోంది" అనేవాడు. తిట్టని రోజు లేదు. అయినా అందరికీ వాడే కావాలి. జయశ్రీకి మరీను. నా కడుపుమంటంతా అక్కడే.

జయశ్రీ, నేనూ యూనివర్సిటీలో సినిమా సబ్జెక్టు తీసుకున్నాం. సినిమాలు చూస్తే మార్కులొస్తాయని ఆమె, ఆమె పక్కన కూర్చోవచ్చని నేను. ఆ మధ్యాహ్నం ఫ్రెంచి సినిమా. ఫ్రెంచి అంటే ప్యారిస్, వాన, ఇద్దరికీ ఒకటే గొడుగు అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళాను. ఆమెకి అటుపక్క, అకౌంటింగ్ చదివే అచ్యుత్!

"నీకిక్కడేం పనిరా?"

"ఫ్రీ షో కదా. ఎండింగ్ చెప్పనా?"

"నోర్ముయ్."

సినిమాలో గొడుగు లేదు. ఉద్యోగం పోయిన ఒక మనిషి. ఊళ్ళో ఎవరూ పలకరించరు. గదిలో ఒక్కడే గోడ చూస్తూ రొట్టె నములుతాడు. ఉన్నట్టుండి లేచి ఎవరినో పొడిచి వస్తాడు. మళ్ళీ రొట్టె. హాలంతా బిగుసుకుపోయింది. నేను మాత్రం తెర వైపు చూస్తే ఒట్టు. అచ్యుత్ ఆమె చెవిలో గుసగుసలాడుతున్నాడు, ఆమె కళ్ళు మూసుకుంటోంది! తెరమీది వాడి కోపం నాకు చాలా సబబుగా అనిపించింది.

బయటికి రాగానే అచ్యుత్‌ని పట్టుకున్నాను.

"సినిమా అంతా ఏం రొమాన్స్‌రా అది?"

జయశ్రీ పకపకా నవ్వింది. "రొమాన్సా! 'కత్తి తీస్తున్నాడు, కళ్ళు మూసుకో. ఇప్పుడు తెరువు, రొట్టె తింటున్నాడు.' రెండు గంటలూ ఇదే."

"ఎందుకూ?"

"పెట్రోల్ బంక్ జాబ్ ఎందుకు మానేశాననుకున్నావ్?"

"ఎగ్జామ్స్ కోసం కదా?"

"కాదు. ఒకడొచ్చి కౌంటర్ మీద కత్తి పెట్టాడు. అప్పట్నుంచీ స్క్రీన్ మీద కత్తి కనబడినా చూడలేను. ఈ సినిమా మీద ఎస్సే రాయకపోతే సబ్జెక్ట్ ఫెయిల్. అందుకే వీడు నిన్న లైబ్రరీలో కూర్చుని ముందే చూసొచ్చాడు."

"రెండుసార్లు చూశాన్రా," అన్నాడు అచ్యుత్ నీరసంగా. "మొదటిసారి నేనే కళ్ళు మూసుకున్నా."

నేను నోరు తెరిచాను.

"ఇప్పుడు సారీ చెప్తావు," అన్నాడు.

చెప్పాను. ఏడింటికి ఏమీ తెలీనట్టు ఇంటికెళ్ళాను. బ్లాక్ ఫారెస్టే.

ఎస్సేకి, సగం సినిమా కళ్ళు మూసుకున్న జయశ్రీకి డెబ్బై ఎనిమిది వచ్చాయి. కళ్ళార్పకుండా వాళ్ళిద్దరినే చూసిన నాకు ముప్పై ఆరు.