సైకిళ్ల గీతకు తుమ్మకంప

రోడ్డు మీద తెల్లరంగు పూస్తే మనిషి ప్రాణానికి కాపలా ఉంటుందని పెద్దపెద్దవాళ్లే నమ్మిన రోజులవి. డెబ్బైల్లో బీరంగూడలో మేము కొత్తగా కాపురం పెట్టాం. మా ఆయన సైకిల్ మీద ఫ్యాక్టరీకి పోయేవాడు. లారీలు మనుషులను రాసుకుంటూ పోయేవి. ఆయన ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగేది కాదు (దిగలేదని అన్నం పారేసేదాన్ని కాదులెండి, మూత పెట్టేదాన్ని). ఒకనాడు సర్కారు వాళ్లు వచ్చి రోడ్డు అంచు వెంట పొడుగ్గా గీత గీసి, అవతల లారీలు, ఇవతల సైకిళ్లు అన్నారు. మా ఆయన మురిసిపోయాడు. "ఇగ నీకు పరేషాన్ లేదే. గీత దాటి లారీ రాదు." నేను వెళ్లి చూశాను. నా కళ్ల ముందే ఒక లారీ గీత తొక్కి సైకిళ్ల దారిలో ఆగింది. డ్రైవర్ దిగి చాయ్ తాగుతున్నాడు. "గీత కనవడలేదా?" అంటే, "కనవడ్డదమ్మా, మస్తుగ ఏసిన్రు" అన్నాడు!

నేను చదివింది రెండో తరగతే అయినా, పుట్టింది సేద్యం చేసే ఇంట్లో. చేను చుట్టూ ముగ్గేస్తే బర్రె ఆగుతుందా? కంప కొట్టాల్సిందే. మర్నాడు ఆయన డ్యూటీకి పోగానే కొడవలి తీసుకుని తుమ్మకొమ్మలు నరికి, మా గల్లీ మలుపు నుంచి చాయ్ హోటల్ దాకా గీత పొడుగునా పరిచాను. (పైసా ఖర్చు లేదు, అదొక సంతోషం.) లారీలు నిజంగానే పక్కకు జరిగి పోయాయి. నేను దొరసానిలా ఇంటికి వచ్చాను.

మధ్యాహ్నం గాలిదుమారం లేచి, కొమ్మలన్నీ సైకిళ్ల దారిలోకి దొర్లి, విత్తనాలు చల్లినట్టు ముళ్లు రాలాయి. షిఫ్టు వదిలాక చూస్తే, పెళ్లి ఊరేగింపులా మగవాళ్లంతా సైకిళ్లు నడిపించుకుంటూ వస్తున్నారు. అందరికన్నా ముందు మా ఆయన.

"ఎవలే గా కంప ఏసింది?"

"నేనే. ఒక్క లారీ అన్న గీత దాటిందా?"

"సైకిలెక్కినోడు ఒక్కడన్న ఉంటే గద, దాటొచ్చి గుద్దనీకి!"

పంక్చర్ షాపాయన మాత్రం నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అక్కా, రేపు గూడ ఏస్తవా? జెర ముందుగాల జెప్పు, ట్యూబులు తెచ్చి పెట్టుకుంట."

పొద్దు గూకకముందే మా ఆయనా నేనూ చీపుళ్లు పట్టుకుని ముళ్లు ఊడ్చాం. ఆయన గొణుగుతూనే ఉన్నాడు గానీ, లారీ వచ్చినప్పుడల్లా నన్ను లోపలికి నెట్టి గీత మీద తాను నిలబడ్డాడు. కొడవలితో లారీలను ఆపబోయిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు నేను రోడ్డు దాటాలంటే, పక్కనున్న వాళ్లెవరైనా సరే, చెయ్యి పట్టుకుంటాను.