ఇపోలితే బుకారెస్ట్ వెళ్లిన వైనం

ఇపోలితే గ్లాసు పట్టుకుని లేచేసరికి అతని భార్య ఎతేరి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో వేడి వేడి జున్నురొట్టెల పళ్లెం. ఇక అవి చల్లారినట్టే.

కుతైసి బస్సు గ్యారేజీలో ముప్ఫయ్యేళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఇపోలితే. ఆ వీధిలో ఎవరింట విందు జరిగినా తమాదా, అంటే గ్లాసెత్తి మాట్లాడే విందు పెద్ద, అతనే. తమాదా మాట ముగించేదాకా ఎవరూ తాగకూడదు, అడ్డు తగలకూడదు. పోయిన పెద్దల కోసమని మొదలుపెట్టినా, పుట్టిన పసివాళ్ల కోసమని మొదలుపెట్టినా మూడో గ్లాసుకల్లా తమ దేశం రుమేనియాతో ఆడే రగ్బీ దగ్గరే తేలతాడు.

"మొదట్లో వాళ్లు మనల్ని పచ్చడి చేసేవాళ్లు. ఇప్పుడో? మన పేరెత్తితేనే వాళ్లకి నడుంనొప్పి! అసలు గెలిచినవాళ్లకిచ్చే కప్పుకి ఎవరి పేరు పెట్టారు? అంతీమ్ గురువుది. మన గడ్డ మీద పుట్టి, వెళ్లి వాళ్ల చర్చికే పెద్ద గురువయ్యాడు. అంటే కప్పు వాళ్లింట ఉన్నా మనదే, మనింట ఉన్నా మనదే!"

తర్వాత ఏమొస్తుందో ఎతేరికి కంఠతా వచ్చు. బుకారెస్ట్‌లో మనం గెలిచిన ఆ రోజు తను స్వయంగా అక్కడున్నానంటాడు. పన్నెండేళ్లుగా ఇదే పాట. పైగా ఏటేటా అతని కుర్చీ మైదానానికి దగ్గరవుతోంది. కిందటేడు రెండో వరుసకి వచ్చింది.

ఈ ఆదివారం మధ్యాహ్నం మాత్రం పక్కింటి షల్వా ఒక రుమేనియా అతిథిని వెంటబెట్టుకొచ్చాడు. డోరినెల్ అని, వైన్ వ్యాపారి, ఇక్కడి భాష బాగానే పట్టేశాడు. అడ్డు తగలకూడదన్న సంగతి మాత్రం పట్టలేదు.

"అరె, నేనూ ఆ మ్యాచ్‌కి వెళ్లానండీ! మీరూ బాగా తడిశారా?"

"తడవడమా? ఎండకి నెత్తి మాడిపోయింది!"

"ఎండా? ఆ రోజు కుండపోత కదా!"

ఇపోలితే చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి, "అలవేర్ది, ఎతేరి!" అన్నాడు.

ఎతేరికి ఒళ్లు మండిపోయింది. అలవేర్ది అంటే మాట అప్పగింత. అందుకున్నవాళ్లు కాదనకూడదు, అదే సంగతి ముందుకు సాగించాలి. మసిగుడ్డైనా ఇవ్వకుండా కాలే గిన్నె చేతిలో పెట్టినట్టు, తన అబద్ధాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు మహానుభావుడు! గ్లాసెత్తి అబద్ధమాడటం ఆమె వల్ల కాదు. నిజం చెబితే రేపట్నుంచి ఈయన్ని తమాదాగా ఎవరు కూర్చోబెడతారు? అదీ పోతే ఈ మనిషికి మిగిలేది మోకాళ్ల నొప్పులే.

ఏమైతే అయిందని పళ్లెం ఠక్కున బల్ల మీద పెట్టింది.

"ఈయన బుకారెస్ట్ వెళ్లనేలేదు. గ్యారేజీవాళ్లు సాగనంపడానికి విందు పెట్టారు. దానికీ తమాదా ఈయనే. తమాదా లేవనిదే విందు ముగియదు, విందు ముగియనిదే తమాదా లేవడు. బస్సేమో వెళ్లిపోయింది. సిగ్గుతో నాలుగు రోజులు మా అమ్మ ఊళ్లో మొక్కజొన్న గాదె వెనక దాక్కున్నారు. అన్నం మోసింది నేను!"

షల్వా మీసం తుడుచుకున్నాడు. "తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"మా బావమరిది చూశాడులే. గాదె వెనక రేడియో పెట్టుకుని అన్న ఒక్కడే కేకలేస్తున్నాడట. వీధంతటికీ తెలుసు."

"మరి పన్నెండేళ్లూ నోరు మూసుకున్నారేం?"

"తమాదాకి అడ్డు తగులుతామా వదినా?"

ఎతేరి కుర్చీలో కూలబడింది. ఈ రహస్యం కాపాడటానికి తను ఎన్నిసార్లు మాట మార్చింది, ఎన్నిసార్లు లేని తలనొప్పి తెచ్చుకుంది! డోరినెల్ కడుపు పట్టుకుని నవ్వుతూ, "వానలో తడిసి మరీ ఓడిపోయి వచ్చాను నేను. మీరే నయం!" అన్నాడు.

ఇపోలితే గ్లాసు దించబోయాడు. షల్వా దించనివ్వలేదు.

"దించుతావేంటన్నా? ముగించు. గ్లాసులు పట్టుకుని పట్టుకుని మా చేతులు పీకుతున్నాయి."

ఇపోలితే గొంతు సవరించుకున్నాడు. తడికళ్లతో భార్య వైపు తిరిగి, "అయితే ఈ గ్లాసు మా ఎతేరి కోసం. ఆమెను నేను మొట్టమొదట చూసినప్పుడు..."

"నా ఊసెత్తారంటే చీకటిపడేదాకా సాగదీస్తారు" అంది ఎతేరి. "ముందు తాగి కూర్చోండి."