రెండో గుడారానికి కత్తి

మిలిటరీ వర్క్‌షాపులో నేను దిగిన రోజు చలి మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. రేకుల షెడ్డు, కిరోసిన్ పొయ్యి, ఒక పాత మిల్లింగ్ మిషన్. నంద్యాల లేత్ షెడ్డులో పని నేర్చిన నాకు ఎండకు కాలే ఇనుము తెలుసు. ముట్టుకుంటే చర్మం ఊడొచ్చే ఇనుము అక్కడే చూశాను.

పై పోస్టులో రెండు గుడారాలు. కొండ మంచు విరిగి మీద పడితే లోపలివాడు గుడ్డ కోసుకుని బయటపడాలి. మామూలు కత్తి పనికిరాదు. మందపాటి గ్లోవ్స్‌తో పొడిస్తే పక్కనోడికి దిగుతుంది. అందుకే మొన కొక్కెంలా వంగి, ఆ వంపు లోపల పదునుండే కత్తి గుడారానికొకటి చెయ్యమన్నారు. ఆ వంపు చేత్తో అరగదీస్తే కుదరదు. రోటరీ టేబుల్ అని, మిషన్ మీద పిడితో తిప్పే గుండ్రటి బల్ల. దాని మీద ఉక్కు పట్టీ బిగించి, మెల్లగా తిప్పుతూ కట్టర్‌కు అందించాలి. మొదటి కత్తి పైకి పంపాను. రెండోది సగంలో ఉంది.

అప్పుడొచ్చాడు సుబేదారు. బదిలీ అయిన పెద్ద సాబుకు ఇత్తడి జ్ఞాపిక కావాలట, అంచు చుట్టూ సమానంగా రంధ్రాలతో. దానికీ ఆ గుండ్రటి బల్లే కావాలి.

"అది దించు. ఇది ఎక్కించు," అన్నాడు హిందీలో.

"కత్తి అయిపోనీ సాబ్. సాయంత్రానికి పైకి పంపేస్తా. దించితే మళ్లీ సెంటరు కుదరడానికే సగం రోజు పడుతుంది."

"సాబ్ పొద్దున్నే వెళ్తారు. కత్తి రేపు చేసుకో."

నేను పిడి వదల్లేదు. ఆయనే స్పానర్ తీసుకుని బోల్టులు విప్పి, నా కత్తిని తుక్కు డబ్బాలో పడేశాడు. ఆర్డరు ఆర్డరే. ఇత్తడి ఎక్కించాను. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం రేడియోలో పై పోస్టు ఆపరేటర్ పలికాడు. మాది ఆళ్లగడ్డ, అతనిది బండి ఆత్మకూరు.

"అన్నా, రెండోది యాడ? ఆ గుడారంలో పండుకునే వంటాయన అడుగుతాండాడు."

"రేపు పంపుతా అప్పా. ఈడ సుబేదారు మిషన్ పట్టుకున్యాడు."

"బేగా పంపు. పైన మంచు బరువెక్కుతాంది."

మర్నాడు చప్పట్ల మధ్య సాబుకు జ్ఞాపిక ఇచ్చారు. సుబేదారు ముందు వరసలో నిలబడి నవ్వాడు. నేను షెడ్డులో, తుక్కులోంచి తీసిన కత్తిని మళ్లీ బిగించి సెంటరు చూస్తుండగానే పైన మంచు విరుచుకుపడింది.

పారలతో మేం ఎక్కేసరికి ఆపరేటర్ బయట ఉన్నాడు. తన గుడారం కోసుకుని వచ్చి, రెండో గుడారం ఉన్న చోట ఒట్టి చేతులతో తవ్వుతున్నాడు.

"వంటాయన లోపలుండాడన్నా," అన్నాడు. మళ్లీ తవ్వడంలో పడ్డాడు.

ఆ పోస్టింగు ముగిసి ఇంటికొచ్చాను. ఇప్పుడు నంద్యాలలో నాకూ ఒక మిషన్ ఉంది. మొన్న చాగలమర్రి నుంచి ఒకడొచ్చి, "మిలిటరీలో కత్తులు చేసినావంట, మాకూ ఒగటి చెయ్యప్పా" అని పళ్లికిలించాడు. గేటు దాకా తరిమాను. ఆ సుబేదారును మాత్రం చచ్చేదాకా క్షమించను.

ఎందుకంటే మంచు తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గుడ్డ ఎక్కడా చిరగలేదు. లోపలి నుంచి నెట్టిన చోట ఒక అరచేయి, ఐదు వేళ్లు, గుడ్డ మీద ఉబ్బినవి ఉబ్బినట్టే గడ్డకట్టి ఉన్నాయి.