గర్మీ అంటే వేడి కాదు

ఆ రోజు పొద్దున అంట్లు తోముతున్నాను. చింతపండు, బూడిద కలిపి ఇత్తడి చెంబు రుద్దుతుంటే అరచేతుల్లో మచ్చలు కనబడ్డాయి. రాగి రంగులో చిన్న చిన్నవి. ఎంత కడిగినా పోలేదు. దురద లేదు, నొప్పి లేదు. అరికాళ్లు తిప్పి చూసుకుంటే అక్కడా ఉన్నాయి. అంతకు కొన్నాళ్ల ముందు నుంచే సన్నగా జ్వరం, నోట్లో పుండ్లు, దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. పెళ్లయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఒంట్లో ఏదో తేడా చేసిందని ఆ పూటే తెలిసింది. అదేమిటో తెలియడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఈలోగా నా పిల్లలు ఇద్దరు పోయారు. తెలిసినవాళ్లు నాకు చెప్పలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారాక రాద్దామంటే ఎప్పటికీ రాయలేను.

మాది నిజామాబాదు జిల్లాలో ఒక పల్లె. నన్ను మహారాష్ట్రలో ధర్మాబాద్ తాలూకా కర్ఖేలికి ఇచ్చారు. రాష్ట్రం మారింది గానీ అత్తగారింట్లో మాట మారలేదు, అందరిదీ తెలుగే. కాకపోతే గడప దాటితే మరాఠీ, బజారుకు పోతే హిందీ. నాకు ఆ రెండూ రావు. మా ఆయన నాందేడ్ మార్కెట్ యార్డులో ఒక పత్తి దుకాణంలో గుమాస్తా. వారమంతా అక్కడే ఉండి, సెలవు నాడు రైల్లో వచ్చేవాడు. మనిషి మెత్తన. ఊళ్లో అందరూ బంగారంలాంటి మొగుడన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మచ్చలు చూసి అత్త భయపడింది. మా ఆయన సెలవుకు వచ్చిన నాడు ముగ్గురం ఉమ్రిలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నా చేతులు చూశాడు, నోరు తెరవమన్నాడు. తర్వాత నా వైపు చూడడమే మానేసి మా ఆయనతో హిందీలో మాట్లాడాడు.

“గర్మీ హై. దోనోఁ కో సుయీ లేనీ పడేగీ.”

నాకు అందులో బాగా తెలిసిన మాట ఒకటే. మా ఊరికి బట్టల మూట తెచ్చే సాయిబు ఎండాకాలం చెమట తుడుచుకుంటూ ‘క్యా గర్మీ’ అనేవాడు. గర్మీ అంటే వేడి. ‘దోనోఁ’ అంటే ఇద్దరికీ అని అప్పుడు తెలియదు. బయటికొచ్చాక అడిగాను.

“ఏమన్నడు అత్తా?”

“ఏమంటడు? వేడి చేసిందంట. సల్వ చేసేటియి తినాలె.”

“సుయీ అన్నడు గదా, సూదే గదా?”

“సూదులకు ఇంకింత వేడి చేస్తది పిల్లా. నడువు.”

మా ఆయన అప్పటికే స్టేషన్ వైపు నాలుగడుగులు ముందు పోతున్నాడు. వెనక్కి తిరగలేదు.

ఇక నాకు చలవ వైద్యం మొదలైంది. సబ్జా గింజలు నానబెట్టి తాగించారు. మాడుకు ఆముదం, అరికాళ్లకు గోరింటాకు. మామిడిపండు వద్దు, బెల్లం వద్దు, కోడిగుడ్డు వద్దు. ఆశ్చర్యం ఏమిటంటే కొన్ని వారాలకు మచ్చలు మాయమయ్యాయి. జుట్టు మళ్లీ వచ్చింది. అత్త వాడకట్టంతా తిరిగి తన వైద్యం గురించి చెప్పుకుంది. ఆ మచ్చలు మందు తాగినా తాగకపోయినా వాటంతటవే పోతాయని, రోగం మాత్రం రక్తంలో దాక్కుంటుందని అప్పుడు నాకెవరు చెప్పాలి?

కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు ఎంత సంతోషపడ్డానో! ఏడో నెలలో బిడ్డ కదలడం ఆగింది. ప్రాణం లేని మగపిల్లవాడు పుట్టాడు. అత్త నన్ను మాహూరు తీసుకుపోయి రేణుకాదేవికి మొక్కించింది. మళ్లీ కడుపు నిలిచింది. ఈసారి ఆడపిల్ల, ఊపిరితో పుట్టింది. కానీ ముక్కు ఎప్పుడూ బిగుసుకుపోయి, పాలు తాగలేక ఉక్కిరిబిక్కిరి అయ్యేది. చిన్న చిన్న అరచేతులు, అరికాళ్లు పొక్కులెక్కి తోలు ఊడిపోయేవి. వారం తిరక్కుండానే పోయింది. ఆ చేతులు నేను ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే అత్త అన్న మాట: “తల్లి వేడే బిడ్డకు వచ్చింది.” అంటే తప్పు నా ఒంటిది. నేను నమ్మాను. పిల్లను నా ఒళ్లే కాల్చేసిందనుకుని గోడకు తల కొట్టుకున్నాను.

ఆ ఏళ్లలోనే పత్తి చేలకు కలుపుకు పోతూ, పక్క సాళ్లలో పనిచేసే మరాఠీ ఆడవాళ్ల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నాను. వచ్చీరాని మాటలతో కష్టసుఖం చెప్పుకోవాలని ఆత్రం నాకు. “మలా గర్మీ ఝాలీ హోతీ” అని అందరికీ చెప్పేదాన్ని, నాకు వేడి చేసిందని చెబుతున్నాననుకుని. వాళ్లు పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. మర్నాటి నుంచి నీళ్ల కుండ నాకు దూరంగా జరిగింది. ఒకామె నేను కూర్చున్న గట్టు మీద కూర్చోవడం మానేసింది. కొత్తగా వచ్చినదాన్నని చిన్నచూపు అనుకున్నాను. వాళ్లందరికీ నా రోగం పేరు తెలుసు. నా నోటితోనే విన్నారు. ‘నువ్వంటున్న మాటకు అర్థం తెలుసా’ అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మూడోసారి నెల తప్పి, ఆ కడుపూ నిలవక రక్తం పోతుంటే, మా అమ్మ వచ్చి పట్టుబట్టి నాందేడ్ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ లేడీ డాక్టరు రక్తం తీయించి వీడీఆర్ఎల్ అనే పరీక్ష చేయించింది. ఫలితం వచ్చిన రోజు నన్ను ఒక్కదాన్నే పిలిచి మరాఠీలో అడిగింది.

“నవర్‌యాలా గర్మీ ఝాలీ హోతీ కా?”

నీ భర్తకు గర్మీ ఉండేదా అని. నేను నవ్వాను కూడా. ఆయనకు కాదమ్మా, నాకే అయింది, సబ్జా తాగితే తగ్గిపోయింది అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. “గర్మీ అంటే ఏమనుకుంటున్నావు బాయీ?” అంది. ఉష్ణం అన్నాను. ఆమె లేచి తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నాకు అర్థమయ్యే మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ ఆ మాటకు ఇంకో అర్థం ఉందట. సిఫిలిస్ అనే రోగాన్ని అలా అంటారట. అది ఎండ వల్ల రాదు, తిండి వల్ల రాదు. ఆ రోగం ఉన్న మనిషితో పడుకుంటే వస్తుంది. మొదట పుట్టేది ఒక చిన్న పుండు, నొప్పి ఉండదు. మగవాడికి బయటే ఉంటుంది కాబట్టి కంటికి కనబడుతుంది. ఆడదానికి చాలాసార్లు యోని లోపలో, గర్భాశయం ముఖద్వారం దగ్గరో లేస్తుంది, తనకే తెలియదు. కడుపుతో ఉంటే ప్లాసెంటా, అంటే మాయ గుండా, బిడ్డకు పాకుతుంది.

“నీ ఒంటి వేడి కాదు. పిల్లలు పోయింది ఈ రోగం వల్ల. మందు ఉంది, నయమవుతుంది.”

మందు ఉందన్న మాట వినగానే నాకు ఊరట కలగలేదు. ఒళ్లు మండింది. మందు మొదటి నుంచీ ఉంది! ఉమ్రి డాక్టరు ఆ రోజే చెప్పాడు. మా ఆయన విన్నాడు. తన పుండు తాను కళ్లారా చూసుకున్నాడు. నోరు విప్పలేదు. నేను సబ్జా నీళ్లు తాగుతుంటే ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

ముందు పెనిసిలిన్ చేతి మీద టెస్ట్ డోస్ వేసి చూశారు. తర్వాత వారానికొకసారి పిరుదుకు ఇంజెక్షన్, కాలు ఈడ్చుకుంటూ నడిచేంత నొప్పి. మొదటి సూదికి ఆ సాయంత్రమే చలి జ్వరం వచ్చి వణికిపోయాను. మందు పడలేదని మా అమ్మ కంగారుపడింది. “రియాక్షన్ ఇది, రోగక్రిములు చస్తున్నాయి, రేపటికి తగ్గుతుంది” అంది డాక్టరమ్మ. తగ్గింది. భర్త కూడా వేయించుకోవాలి, అంతవరకు దగ్గరికి రానివ్వొద్దు, ఆ తర్వాతా కొన్నాళ్లు నిరోధ్ తొడుగు వాడాలి అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చి అడిగాను. ఆయన తల వంచుకుని, “ఏపిచ్చుకున్న, నాందేడ్ల. ఎప్పుడో ఏపిచ్చుకున్న” అన్నాడు. నమ్మాను. కొన్ని నెలలకు మళ్లీ రక్తం చూస్తే, సూదులతో దిగిన రోగం తాలూకు అంకె పైకి ఎక్కి కూర్చుంది. డాక్టరమ్మ నా మీదే విసుక్కుంది. “ఇది పాతది కాదు, కొత్తగా అంటుకున్నది. నీ మొగుడు అబద్ధం చెప్పాడు.” మళ్లీ అన్ని సూదులూ మొదటి నుంచి. ఆయన వేయించుకోనూ లేదు, పోయేచోటికి పోవడం మాననూ లేదు.

అదే సమయంలో ఇంట్లో ఇంకో ఏర్పాటు జరుగుతోంది. నాకు పిల్లలు నిలవడం లేదని ఆయనకు రెండో పెళ్లి. ఒక రోజు ఉమ్రి నుంచి పిల్ల తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నారు. పిల్లకు పదహారు దాటలేదట. చాయ్ ఇచ్చి రమ్మని నన్నే పంపారు. గ్లాసు చేతికిచ్చి ఆ తల్లి ఎదురుగా నిలబడ్డాను.

“అమ్మా, పిల్లనిచ్చే ముంగట ఈయన రక్తం చూపియ్యుండ్రి. ఈయనకు గర్మీ ఉన్నది. వేడి గాదు, గర్మీ. నాకు ఈయనే అంటిచ్చిండు. నా పిల్లలు దానికే పోయిండ్రు.”

అర్థం కాలేదేమోనని మరాఠీలో చెప్పాను. వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లోనూ చెప్పాను. ఆ తల్లి గ్లాసు కింద పెట్టి లేచింది. వాళ్లు చాయ్ కూడా తాగలేదు.

అత్త నా జుట్టు పట్టుకుంది. “ఇంటి ఇజ్జత్ బజార్ల వెట్టినవ్ గదనే!”

“నా పిల్లల్ని బొంద వెట్టిననాడు ఏడవోయింది అత్తా, ఈ ఇజ్జత్? గర్మీ అంటే ఏందో నీకు తెల్వదా?”

చెయ్యి వదిలేసింది. “తెల్సు” అంది. “మొగోని రోగం ఆడిది నోట్లకెల్లి చెప్తదా?”

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందో! ఆమెకూ ఎవరో ఇలాగే నేర్పి ఉంటారు. అయినా కోపం తగ్గదు.

ఇక ఆ చుట్టుపక్కల ఆయనకు పిల్లనిచ్చేవాళ్లు లేరు. నేను వేరే గదిలో పడుకుని లోపల గడియ పెట్టుకున్నాను. అప్పుడు వచ్చాడు దారికి. ప్రేమతోనో పశ్చాత్తాపంతోనో కాదు, వేరే దారి లేక. ఇద్దరం నాందేడ్ పోయాం. ఇంజెక్షన్ గదిలోకి నేనూ వెళ్లాను. ఆడవాళ్లు బయట ఉండాలన్నాడు అక్కడి మనిషి. నేను కదల్లేదు. డాక్టరమ్మ ఉండనివ్వమంది.

ఇద్దరి రక్తమూ బాగైందని ఆమె చెప్పాక గానీ గడియ తీయలేదు. తర్వాత మా పాప పుట్టింది. కాన్పుకు ముందూ, పుట్టాకా పరీక్షలు చేశారు. శుభ్రం. ఇప్పుడు మరాఠీ బడిలో చదువుతోంది, ఇంట్లో తెలుగులో దెబ్బలాడుతుంది. నాకు ఏడాదికోసారి రక్త పరీక్ష, అంతే. మా ఆయన నాందేడ్ ఉద్యోగం మానేసి ఊళ్లోనే ఉంటున్నాడు. క్షమించావా అని చుట్టాలు నన్ను అడుగుతుంటారు. ఏం చేశావని ఆయన్ను అడిగినవాళ్లు లేరు.

తెలుగులో ఈ రోగానికి పేరేమిటా అని తర్వాత వాకబు చేశాను. సుఖవ్యాధి అట. ఎవరి సుఖం? ఆ పేరు పెట్టినవాడెవడో నా కూతురి చేతులు చూడలేదు. ఊరూరా గోడల మీద ఎర్ర త్రికోణం వేసి ఇద్దరు పిల్లలు చాలని రాశారు. నిరోధ్ పిల్లల్నే కాదు, ఇలాంటి రోగాల్నీ చాలావరకు ఆపుతుందని మా వైపు ఒక్క గోడ మీదా నాకు కనబడలేదు.

చదివే అక్కాచెల్లెళ్లకు చెప్పేది ఒకటే. ఇలాంటి రోగానికి ఇద్దరూ మందు తీసుకోవాలి, ఒకరు తీసుకుంటే తీసుకోనట్టే. మొగుడు సూది వేయించుకున్నానంటే నమ్మి ఊరుకోకండి. వెంట పోయి, ఆ గదిలో నిలబడి, సూది దిగడం మీ కళ్లతో చూడండి. ఆయన సిగ్గుపడతాడని బయటికి రాకండి. పడనివ్వండి.