చున్నీ కింద కాన్ఫరెన్స్ కాల్

నెత్తిన చున్నీ కప్పుకుని, కళ్లు మూసుకుని, బుద్ధిగా కూర్చుని కూడా ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎలాగో మీకు తెలుసా? నాకు తెలుసు. వినండి, నా తెలివి ఎలాగూ నలుగురు నవ్వుకోవడానికే పనికొచ్చింది.

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో పనిచేసే రోజులు. ఇయర్‌ఫోన్స్‌కి ఇంకా వైర్లుండే కాలం. నా హెచ్-వన్ వీసా గడువు కొవ్వొత్తిలా కరిగిపోతోంది. గ్రీన్ కార్డ్ కాగితాల మీద మా మేనేజర్ గ్రెగ్ సంతకం పెట్టాలి. ఆర్నెల్లుగా "నెక్స్ట్ వీక్" అంటున్నాడు. విసుగొచ్చి, మంగళవారం వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి ఒప్పుకున్నాను. అది గ్రెగ్ చెవిన పడితే సంతకమూ ఉండదు, నేనూ ఉండను. అందుకే కరుణమ్మ ఆంటీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కరుణమ్మ ఆంటీ మా తెలుగు చర్చికి పెద్ద దిక్కు. ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన. ప్రార్థనకి ఆడవాళ్లు తల కప్పుకోవాలి. మా నాయనమ్మకి చీర కొంగు సరిపోయేది. జీన్స్‌లో తిరిగే మాకు కొంగెక్కడిది? అందుకే ఆఫీసు నుంచి తిన్నగా వచ్చే ఆడపిల్లలందరి కార్లలోనూ ఒక చున్నీ పడి ఉంటుంది. ఆ మాట కూడా మనది కాదు, ఉత్తరాది నుంచి వచ్చి మన బీరువాల్లో స్థిరపడిపోయింది. ఇక్కడి పిల్లలు 'ప్రేయర్ స్కార్ఫ్' అంటారు. పేరేదైనా, దాని కింద ఏముందో పైకి కనపడదు. నా కొంప ముంచింది ఆ సుగుణమే.

ఇంటర్వ్యూకి ముందు శుక్రవారం, సరిగ్గా ప్రార్థన వేళకే కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల. "సువార్తా, నువ్వు కాల్‌లో ఉండి తీరాలి" అన్నాడు గ్రెగ్. "రాకపోయావో, ఊరుకోను! ఇవాళ నీ కోసమే స్పెషల్ ప్రేయర్" అన్నారు ఆంటీ. వారమంతా రోజుకి నాలుగు గంటల నిద్ర. ఎవరికీ కాదని చెప్పే ఓపిక లేదు. ఇద్దరికీ సరేనన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, వాటి మీద చున్నీ. అబ్బో, నా అంత తెలివైనది ఈ అమెరికాలో లేదనుకున్నాను.

"ఏమ్మా, మొహం అలా పీక్కుపోయింది?" అన్నారు ఆంటీ, నేను వెళ్లి కూర్చోగానే.

"ఏం లేదాంటీ, బాగానే ఉన్నాను."

చెవిలో గ్రెగ్: "సువార్తా, డేటాబేస్ రెడీనా?"

తల వంచి, మ్యూట్ తీసి, "యెస్, యెస్" అని గొణిగాను.

"చూశారా, అప్పుడే ప్రార్థన మొదలెట్టేసింది!" అని ఆంటీ మురిసిపోయారు. నేను చున్నీ చాటున తడుముకుంటూ మళ్లీ మ్యూట్ నొక్కాను. నొక్కాననుకున్నాను.

ఆంటీ గొంతెత్తారు. "ప్రభువా! నీ బిడ్డ సువార్తను జ్ఞాపకం చేసుకో! ఆ మేనేజర్ గ్రెగ్ రాతిగుండెను కరిగించు తండ్రీ! గ్రీన్ కార్డ్ పేపర్స్ మీద గ్రెగ్ చేత సైన్ చేయించు! గ్రెగ్ సైన్ చేయకపోతే ట్యూస్‌డే ఇంటర్వ్యూలో న్యూ జాబ్ ఇప్పించు!"

"ఆమెన్!" అన్నాను, సగం నిద్రలో, ఇల్లదిరేలా.

చెవిలో గ్రెగ్ గొంతు: "హూ ఈజ్ దిస్ లేడీ?"

మనం ప్రార్థన తెలుగులోనే చేస్తాం, కానీ వీసా, ఉద్యోగం మాత్రం ఇంగ్లీషులోనే కదా! తెలుగంతా వడకట్టేస్తే గ్రెగ్‌కి మిగిలిందేమిటి? తన పేరు, గ్రీన్ కార్డ్, సైన్, ట్యూస్‌డే, ఇంటర్వ్యూ, న్యూ జాబ్. ఇంకేం కావాలి? కాల్ కట్ చేసి, ఇయర్‌ఫోన్స్ పీకేశాను.

"ఆంటీ, వినేశాడు!"

"వినడా మరి? మనస్ఫూర్తిగా అడిగితే తప్పకుండా వింటాడమ్మా."

"దేవుడు కాదాంటీ, గ్రెగ్!"

సోమవారం గ్రెగ్ గదిలోకి పిలిచాడు. నేను సామాను సర్దుకుని వెళ్లిపోవడానికి సిద్ధపడే వెళ్లాను.

"నిజం చెప్పు. ఆవిడ నా గురించి ఏమంది?"

ఇక దాచేదేముంది? "మీ రాతిగుండె కరగాలని ప్రార్థించారు."

గ్రెగ్ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "అంత గట్టిదా?"

కాగితాలు ముందుకి లాక్కుని సంతకాలు పెట్టేశాడు. "మంగళవారం వెళ్లొద్దు" అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. అలసటో, సంతోషమో ఇప్పటికీ తెలియదు. చున్నీ సంగతంతా అప్పుడే చెప్పేశాను, ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు టీమ్ క్యాలెండర్ తెరిస్తే, ప్రతి శుక్రవారం సాయంత్రం మీద పెద్ద అక్షరాల్లో ఒకే మాట: 'చున్నీ'. ఆ వేళలో సువార్తకి ఎవరూ ఫోన్ చేయకూడదని గ్రెగ్ ఆజ్ఞట. నెల తిరక్కుండా అందరూ ఆ మాటే పట్టుకున్నారు. కూతురి సాకర్ ఆటకి వెళ్లాల్సిన రోజు గ్రెగ్ కూడా "ఐ హావ్ ఎ చున్నీ" అని లేచి వెళ్లిపోయేవాడు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా చున్నీ కింద ఫోన్ గానీ, వైరు గానీ, ఆఫీసు గానీ ఉండదు. కునుకు సంగతి మాత్రం ఈ ప్రమాణంలో లేదు.