నర్సింగ్‌రావు సార్ పళ్ళెం

నా దగ్గర ఆట నేర్చుకునే కుర్రాళ్ళు మోకాళ్ళకు నొప్పుల నూనె రాసుకుంటుంటే ఆ ఘాటుకు నా కళ్ళు మండుతాయి. వెంటనే, అదే నూనె మాకు రాసిన నర్సింగ్‌రావు సార్ గుర్తొస్తారు. ఎనభైల చివర్లో ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత సరదాకొద్దీ ఫుట్‌బాల్ జట్టు పెట్టి, మాకు నెల జీతాలిచ్చి ఆడించేవారు. సార్ దానికి కోచ్. భీమవరం నుంచి వచ్చిన నేను గోల్‌కీపర్ని. బంతి పట్టడం నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి. సార్ మొదటి రోజే ఆ భ్రమ వదిలించారు.

నిర్మాతగారి సినిమాల్లో విలన్ వెనక నిలబడడానికి ఆఫ్రికా విద్యార్థులను తెచ్చేవారు. వాళ్ళలో నైజీరియా నుంచి వచ్చిన డేనియల్ ఒకడు. హైదరాబాద్‌లో చదువుకుంటూ తెలుగు కూడా నేర్చాడు. ఒకరోజు సార్‌తో మేం షూటింగు చూడ్డానికి వెళితే, మేకప్‌మన్ ఆ నల్లటి మనిషికి ఇంకా నల్లరంగు పూస్తున్నాడు. "డైరెక్టరుగారికి చాల్లేదటండీ," అన్నాడు పాపం, నా చూపు చూసి. డేనియల్ నవ్వేశాడు. భోజన విరామంలో ఆ రంగుతోనే మాతో బంతి తన్నాడు. సార్ చేతిలో టీ చల్లారేదాకా చూసి, "రంగు కడుక్కో బిడ్డా. రేపు పొద్దుగాల గ్రౌండుకు రా," అన్నారు. నెల తిరిగేసరికి జట్టులో లెఫ్ట్ వింగ్ స్థానం అతనిదైంది.

నిర్మాతగారికి ఇది మింగుడుపడలేదు. "విలన్ పక్కన చూసినవాణ్ణి మన జెర్సీలో చూస్తే జనం నవ్వుతారండీ మాస్టారూ. అతన్ని మ్యాచ్‌లో దింపితే మీరిక రానక్కర్లేదు."

సార్ గొంతు పెంచలేదు. "తెల్లోళ్ళ దేశాలల్ల పెద్ద క్లబ్బులు నల్లోళ్ళను ఏండ్లకేండ్లు బయటనే నిలవెట్టినయ్ సార్. లోపలికి రానిచ్చినంక గూడ జనం అరటిపండ్లు ఇసిరిన్రు. ఆళ్ళకు ఇప్పుడిప్పుడే సిగ్గయితున్నది. మనం కొత్తగ షురూ చేద్దామా?" విదేశీ రేడియో వినే అలవాటు సార్‌ది. మాకైతే ఆ సంగతులేవీ అప్పటిదాకా తెలియవు.

మ్యాచ్ రోజు మాకో ఆచారం ఉండేది. పెద్ద పళ్ళెం నిండా కిచిడీ పెట్టి అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. సినిమాకు మొదటి క్లాప్ కొట్టినట్టు, మొదటి ముద్ద నిర్మాతగారు తినాలి. సినిమావాళ్ళ సెంటిమెంటు సంగతి చెప్పేదేముంది. ఆ రోజు ఆయన వచ్చి, పళ్ళెం దగ్గర డేనియల్‌ను చూసి నిలబడిపోయారు.

డేనియల్ లేవబోయాడు. "నా కోసం మీ ఉద్యోగం పోవద్దు సార్."

"నా నౌకరీ ఫికర్ నీకెందుకు? కూసో," అని సార్ నిర్మాతగారి వైపు తిరిగారు. "ఈ పిల్లగాడు ఎందుకు ఆడొద్దో గీడనే, మొఖం జూసి చెప్పున్రి సార్. మీరు చెప్తే నేనే పక్కన కూసోవెడ్త."

నిర్మాతగారు చెడ్డమనిషి కాదు. నోరు తెరిచారు, డేనియల్ వైపు చూశారు, మాట పెగల్లేదు. తినకుండానే వెళ్ళిపోయారు. ఆచారం తప్పింది, ఇక ఓడిపోతామనుకున్నాం. సార్ పళ్ళేన్ని డేనియల్ వైపు జరిపి, "ఇయ్యాల మొదటి ముద్ద నీది," అన్నారు. అతను తిన్నాడు. తర్వాత మేమూ తిన్నాం.

మ్యాచ్ మొదట్లో గేలి చేసిన జనమే ఆట ముగిసేసరికి డేనియల్ పేరు పెట్టి అరిచారు. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం, అదీ నా చేతుల్లోంచి జారిన బంతే. సార్ ఉద్యోగం మర్నాడే పోయింది. డేనియల్ మాత్రం జట్టులో ఉన్నాడు. జనం అడుగుతుంటే నిర్మాతగారు కాదనలేకపోయారు.

"బాధగా లేదా సార్?" అని అడిగాను, ఇరానీ హోటల్లో.

"ఎందుకు? నేననుకున్న జట్టే ఆడింది గద. జర గోల్‌కీపర్ సంగతే ఫికర్," అని తృప్తిగా నవ్వారు.

ఇప్పుడు నేనూ కోచ్‌నే. ఎవరినైనా జట్టులోంచి తీసేయాల్సివస్తే, ఆ కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని కారణం చెబుతాను. చెప్పడానికి నోరు రాకపోతే, జట్టులోనే ఉంచుతాను.