నీళ్ళు ఇడిసినవానే?

దయ్యాల కథలు ఇష్టంగా చదువుతాను కానీ ఎన్నడూ నమ్మలేదు. బీటెక్‌లో కెమికల్ తీసుకున్నాక అసలే నమ్మలేదు. ఆవిరి ఎందుకు లేస్తుందో, ఎక్కడ చల్లబడుతుందో లెక్కగట్టడం నేర్చుకున్నదాన్ని. ఆ ఒక్క ల్యాబ్ పరీక్షకు మాత్రం నా దగ్గర లెక్క లేదు.

మా కాలేజీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఉండేది. హాజరు పట్టీలో నా పేరు మౌనిక, దాని కిందే నస్రీన్. అలా ల్యాబులో జంట అయ్యాం. ఆమెది అలియాబాద్. నేను నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. షేర్ ఆటో ఆపమని అరవడం కూడా ఆమె పనే. "మీ బాపు నీకు సరిగ్గనే పెట్టిండు పేరు," అనేది.

ల్యాబులో మాకు బాగా అలవాటైంది డిస్టిలేషన్ కాలమ్. నిలువెత్తు గాజు గొట్టం. అడుగున హీటర్ మీద మిథనాల్, నీళ్ళు కలిసి మరుగుతాయి. ఆవిరి పైకి పోయి, కండెన్సర్‌లో చల్లబడి చుక్కలుగా దిగుతుంది. హీటర్ వేయకముందే కండెన్సర్‌కు చన్నీళ్ళు వదలాలి. లేకపోతే ఆవిరి గదిలోకి వస్తుంది. అది అంటుకునే ఆవిరి.

మొదట్లో ఒకసారి నేను ఆ నీళ్ళు మరిచిపోయాను. అప్పటి నుంచి నా వేలు స్విచ్ మీద పడితే చాలు, వెనక నుంచి నస్రీన్ అడిగేది: "నీళ్ళు ఇడిసినవానే?" చివరికి క్యాంటీన్‌లో వేడి చాయ్ కప్పు ఎత్తినా అదే అడిగి, ఎగ్ పఫ్ పొట్టంతా నా మీద రాలేటట్టు నవ్వేది.

ఫైనలియర్ పరీక్షల సమయంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. ల్యాబ్ పరీక్షకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. చీటీ తీస్తే డిస్టిలేషనే వచ్చింది. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా ఎదురుగానే కుర్చీ వేసుకున్నారు. ఇది పోతే డిగ్రీ ఆగిపోతుంది. మిశ్రమం పోశాను, థర్మామీటర్ పెట్టాను, హీటర్ వేశాను.

అడుగున బుడగలు మొదలయ్యాయి.

"నీళ్ళు ఇడిసినవానే?"

భుజం వెనక నుంచి, ఎప్పటి గొంతే. "ఆ, ఇడుస్తున్ననే," అని పైకే అనేసి వాల్వ్ తిప్పాను. కండెన్సర్‌లోకి నీళ్ళు ఎక్కాయి. అప్పుడు గుర్తొచ్చింది, నస్రీన్ రాలేదని.

భయంలో ఊహించుకున్నానని సరిపెట్టుకునేదాన్నే. కానీ ఎగ్జామినర్ తలెత్తారు.

"ఎవరమ్మా ఆ అందించేది? ఆమెను చేసుకోనివ్వండి," అన్నారు నా వెనక్కి చూస్తూ.

నా వెనక గోడ, దానికి వేలాడుతున్న ల్యాబ్ కోట్లు. ఆయన కాసేపు అటే చూసి, ఆ మాట వదిలేసి వైవా మొదలుపెట్టారు. నీళ్ళు ముందే ఎందుకు వదలాలని అడిగారు. నేను తడబడకుండా చెప్పాను.

సాయంత్రం అలియాబాద్ వెళ్ళాను. నస్రీన్ నిద్రపోతోంది. వాళ్ళమ్మ నాకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగకముందే తనే చెప్పింది.

"మీ పరీక్ష నడిచే యాల్లకే బేటా, జ్వరంల లేసి కూసుంది. నీళ్ళు ఇడిసినవానే అని అడిగింది. ట్యాంకు మోటర్ సంగతి అనుకొని నేను పోయి చూసొచ్చిన. అది బందే ఉండె." కొంగు సర్దుకొని మళ్ళీ అంది, "మాతోని ఎప్పుడు ఉర్దూలనే మాట్లాడ్తది. గా తెలుగు ఎవలతోని మాట్లాడిందో ఏమో."

చాయ్ చల్లారిపోయింది. నేను తాగలేదు.

నస్రీన్‌కు అదేదీ గుర్తులేదు. కోలుకున్నాక సప్లిమెంటరీ రాసి పాసైంది. "సచ్చినోళ్ళు దయ్యాలైతరని విన్న. నన్ను బతికుండంగనే దయ్యం జేసినవ్ గదనే," అని ఇప్పటికీ ఆట పట్టిస్తుంది.

ఆమె ఇప్పుడు ఒక మందుల కంపెనీలో చేస్తోంది. నేను పేట్ బషీరాబాద్‌లో నీటి పరీక్షల ల్యాబులో ఉన్నాను. ఇక్కడి యంత్రాలకు నీళ్ళు అందకపోతే హీటర్ వెలగనే వెలగదు. మరిచిపోవడానికి వీల్లేదు.

అప్పుడు నాకు వినబడింది సరే, ఎగ్జామినర్‌కు ఎలా వినబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. స్విచ్ మీద వేలు పెట్టాక మాత్రం రోజూ ఒక్క క్షణం ఆగుతాను. వెనక నుంచి ఎవరూ అడగరు. "ఇడిసిననే," అని మెల్లగా అని, స్విచ్ వేస్తాను.